ముక్కు మేస్త్రి

మిషన్ మూత మీద ఎర్ర అంకెలు యాభై ఎనిమిది చూపిస్తున్నాయి. ఆ అంకె సున్నా అయ్యేదాకా ఈ ప్లాస్టిక్ స్టూలు మీంచి లేవకూడదని నా భార్య సంపూర్ణ ఆజ్ఞ. ముప్పై ఏళ్లుగా భద్రాచలంలో నేను వేసిన పైపులు నేల కింద ఎన్ని మైళ్లు పాకి ఉంటాయో నాకే లెక్క తెలియదు, అలాంటి నన్ను నా సొంత ఇంట్లో, మేడమీద, నేను పైపులు వేసిన ఈ బట్టలుతికే గదిలో బడి పిల్లవాణ్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. నాలుగు నెలలుగా అడుగుతోంది, ఒక్కసారి, ఒక్క ఉతుకు అయ్యేదాకా దగ్గరుండి చూడమని. నాలుగు నెలలుగా నాకు పని ఉంది. ఈ శనివారం కూడా సారపాకలో పని ఉంది, కానీ పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ ఆమె అన్న మాట నన్ను గుమ్మం దాటనివ్వలేదు. "సోమవారం నేను ఖమ్మం దవాఖానకు పోతున్న గదా. పోయేలోపల ఒక్కపారి చూడయ్యా. వాసన లేకుంటే లేదని చెప్పు. ఇగ నా తలకాయలనే ఏదో అయ్యిందని ఖాయం జేసుకుంట." అరవలేదు, ఏడవలేదు, కూరగాయల వాడితో బేరం తెగిన తర్వాత మాట్లాడినట్టు మాట్లాడింది. నేను పనిముట్ల సంచీతోనే మేడెక్కాను.

లోపల తిరుగుతున్నది చర్చిలో బలిపీఠం మీద పరిచే తెల్ల గుడ్డ, అంచుకు ద్రాక్షగుత్తుల అల్లిక, తోడుగా రెండు మా దుప్పట్లు. ఇరవై రెండేళ్లుగా క్రిస్మస్ ముందు ఆ గుడ్డ ఉతికేది సంపూర్ణే. అంతకుముందు ఎవరు ఉతికారో, ఎట్లా ఉతికారో అడిగితే మూతి తిప్పుతుంది. కొన్నేళ్లు గోదావరి రేవులో బండ మీద ఉతికింది, కాదు, బండకు తగలనివ్వకుండా చేతుల మీద ఉతికింది, అది చూడటానికి నేను పని మానుకుని రేవుకు పోయిన రోజులున్నాయి, అప్పుడు నాకు ముప్పై, ఆమెకు ఇరవై ఆరు, గుడ్డ పిండేటప్పుడు మోచేతి దాకా నీళ్లు కారేవి. ఈసారి ఫాదర్ గుడ్డ పంపించి మూడు వారాలైంది. బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎందుకే అంటే, మోరీ వాసన వచ్చే గదిలో ఉతికి దేవుని ముందర పరుస్తానా అంది. ఇవాళ కూడా వాసన వస్తే గుడ్డ రేపే తబితా ఇంటికి పంపుతుందట. తబితా మంచి పిల్లే, చర్చిలో పూలు పెడుతుంది, కానీ ఆ మాట చెప్పేటప్పుడు సంపూర్ణ చేతులు కొంగుకు తుడుచుకుంది, తడి లేకపోయినా తుడుచుకుంది.

గుడ్డ సంగతి అటుంచితే సోమవారం ఉంది, నన్ను నిలువునా తినేస్తున్నది సోమవారం. మా అత్త ముత్తక్క, సంపూర్ణ తల్లి, తల్లాడలో ఉండేది, గట్టి మనిషి, ఒంటి చేత్తో బర్రెను కట్టేసేది. ఒక ఎండాకాలం ఇంట్లో ఏదో కాలుతోందని మొదలుపెట్టింది. పొయ్యి చల్లగా ఉంటుంది, ఈవిడ కాలుతోందంటుంది. తర్వాత ఏదో కుళ్లుతోందంది, మంచాలు తిప్పించింది, ఎలుక చచ్చిందేమోనని గాదె ఖాళీ చేయించింది. ఆరు నెలలు తిరిగేసరికి సంపూర్ణను పట్టుకుని, నువ్వెవరమ్మా, మా ఇంటికి ఎవరికోసం వచ్చినవ్ అని మర్యాదగా అడిగింది. సంపూర్ణ ఆ రోజు బస్సులో, తల్లాడ దాటాక, నా భుజం మీద తల పెట్టింది, అంతే. అందుకే ఈ మేడమీద వాసన వస్తోందని ఆమె అన్నప్పుడు, నేను రాదు అన్నప్పుడు, మళ్లీ వస్తోందని ఆమె, మళ్లీ రాదని నేను, అట్లా నాలుగు నెలలు గడిచాక, ఆమె నాతో వాదించడం మానేసి తనతో తాను వాదించుకోవడం మొదలుపెట్టింది. ఖమ్మంలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి ఆరాధనకు ఫోన్ చేసి తలకాయ డాక్టరు దగ్గర చీటీ రాయించమంది. నాకు చెప్పకుండా చేసింది. మొన్న రాత్రి అన్నం తింటూ చెప్పింది, అమ్మకు గూడ గిట్లనే మొదలైంది గదా అని.

యాభై రెండు. మిషన్ అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు, మధ్యలో కాస్త ఆలోచిస్తుంది, నాలాగే.

నాకు వాసన రాదు. ఈ మాట ఇప్పటిదాకా ఏ మనిషికీ చెప్పలేదు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయినప్పుడు ఫాదర్‌కూ చెప్పలేదు, ముక్కు పనిచేయకపోవడం పాపమేమీ కాదు కదా అని సర్దుకున్నాను. దాన్ని దాచడానికి ఆడిన అబద్ధాలు వేరే పద్దు, వాటిని కోపం, బద్ధకం లాంటి వాటిలో కలిపేసి ఒప్పుకున్నాను. ఎట్లా చెప్పమంటారు, ఈ ఊళ్లో నా పేరు ఆంథోని అని తెలిసినవాళ్లకంటే ముక్కు మేస్త్రి అని తెలిసినవాళ్లే ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, మీ తూర్పు గోడలో, నేల నుంచి రెండు జానల ఎత్తున, జాయింటు పోయింది అనేవాణ్ని. పగలగొడితే అక్కడే. పందేలు కాసేవాళ్లు. పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా మా అత్త నవ్వుతూ, ముక్కు మంచిగనే ఉన్నది, పిల్లకు నచ్చిందో లేదో అడగండి అంది. అలాంటి ముక్కు మూడేళ్ల కింద ఒక లాడ్జి స్నానాలగదిలో పోయింది. తూములో ఎవరో అంతకుముందే బ్లీచింగ్ పొడి కుమ్మరించి ఉన్నారు, నేను అడగకుండా, చూడకుండా ఆసిడ్ పోశాను. పచ్చటి పొగ లేచింది. రెండు రోజులు దగ్గాను, మూడో రోజు దగ్గు పోయింది, దాంతోపాటు లోకంలోని వాసనలన్నీ పోయాయి. వస్తుందిలే అనుకున్నాను. మార్చిలో చర్ల బస్సు ఎక్కాను, అడవి పొడుగునా ఇప్పపూలు రాలి ఉన్నాయి, బస్సులో వాళ్లంతా కిటికీలు తీసి అబ్బ అంటున్నారు, చంటిపిల్ల కూడా ముక్కు ఎగరేస్తోంది, నేను మాత్రం టికెట్టు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు తెలిసింది, ఇక రాదని.

అప్పటినుంచి నటన. గుమ్మంలో నిలబడతాను, కళ్లు మూసుకుంటాను, గట్టిగా పీలుస్తాను. తర్వాత ఇంటావిడను మెల్లగా అడుగుతాను, ఎక్కడ ఎక్కువ అనిపిస్తోందమ్మా అని. ఆవిడ చెప్పేస్తుంది. అదే మాట కాస్త తిప్పి నేను చెబితే, మేస్త్రి ముక్కు ముక్కే అంటుంది. ఇంకోటి, ముక్కు పోయాక చెవులు పెరిగాయి. నీళ్లు నిండుగా పోతున్నాయా, పక్కకు ఒలుకుతున్నాయా, ఎక్కడైనా ఆగి తొంగిచూస్తున్నాయా, పైపు మీద అరచేయి పెట్టి చెవి ఆనిస్తే చాలు. ఇల్లిల్లూ తిరిగి ఇట్లా నెట్టుకొచ్చాను. ఇంట్లో మాత్రం, ఆదివారం సంపూర్ణ గోదావరి చేప పులుసు పెడితే, గేటు దగ్గరే ఆగి, వాసన వీధి చివరిదాకా వస్తున్నదే అని అరిచేవాణ్ని. ఆమె గరిటె తిప్పుతూ నవ్వుకునేది. ఆ నవ్వు కోసం ఇంకో ముప్పై ఏళ్లు అబద్ధం ఆడమన్నా ఆడతాను. కానీ మేడమీద వాసన వస్తోందా అని అదే మనిషి అడిగితే, తెలియదు అనాల్సిన చోట లేదు అన్నాను. తెలియదు అంటే ఎందుకు తెలియదు అంటుంది కదా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఫాదర్ వల్ల కూడా కాలేదు.

ముప్పై ఎనిమిది. కింద వంటింట్లో ఏవో గిన్నెలు జరుపుతోంది. ఇవాళ పిండివంటలు మొదలు, నిన్ననే పదిహేను కిలోల నూనె డబ్బా తెప్పించింది.

ఈ గది నాకు ఇష్టం. ఆగస్టు వరద తర్వాత కింద ఇక ఏ మిషనూ పెట్టనని నేను పట్టుబడితే, ఆరాధన కొనిచ్చిన బట్టల మిషన్ను నలుగురం కలిసి మేడమీదికి మోశాం. పాత స్నానాలగది ఇది, రోజూ రెండు బకెట్ల నీళ్లు చూసిన గది. మిషన్ గొట్టానికి వేరే పైపు నిలబెట్టి పాత లైన్లోనే కలిపాను. నేలలో జాలీ కింద నాని ట్రాప్ ఉంది, మా పనిలో అందరం నాని అంటాం, ఆ పేరు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఏమీ లేదు, వంకర తిరిగిన చిన్న గిన్నె, అందులో ఎప్పుడూ ఒక గ్లాసుడు నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే తలుపు. పై నీళ్లు దాని మీంచి దొర్లి కిందికి పోతాయి, కింది కంపు ఆ నీళ్లు దాటి పైకి రాలేదు. నాని అనే మాట నా నోట విన్న రోజునుంచి సంపూర్ణకు అది ఒక పసివాడైపోయింది. రెండో బిడ్డ నిలవలేదు మాకు, పేరు కూడా పెట్టలేదు, ఆ సంగతి మేం మాట్లాడుకోం. ఉతుకు అయ్యాక జాలీ దగ్గర శబ్దం వస్తే మాత్రం, నీ నాని మళ్లా ఏడుస్తున్నడయ్యా, దూప అయితున్నట్టుంది అని చెంబెడు నీళ్లు పోసి వస్తుంది. నీళ్లు పోస్తే వాసన కాసేపు పోతుందట. సాయంత్రం నేను వచ్చి జాలీ ఎత్తి చూస్తే గిన్నె నిండుగా ఉంటుంది. అంతా బాగానే ఉంది కదా, నీకే అట్లా అనిపిస్తున్నది అనేవాణ్ని. వరద బురద ఉందేమోనని కింద మురుగు చాంబరు రెండుసార్లు తోడించాను, నేల ఒకసారి తవ్వాను. ఏమీ దొరక్కపోతే ఇక అనుమానం ఆమె మీదికే పోయింది. నేను వేసిన లైను తప్పు కాదు, కాబట్టి ఆమె ముక్కు తప్పు. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ముప్పై ఆరు. మిషన్ ఆగింది. టక్‌మని లోపల ఏదో తెరుచుకుంది, గొట్టం ఒక్కసారి పాములా కదిలి, నీళ్లు దబదబా పైపులోకి దిగాయి. మంచి వేగం, మంచి వాటం, పైపు నిండా పోతోంది అనుకుంటూ నేను కళ్లు మూసుకుని వింటున్నాను. చివరికొచ్చేసరికి జాలీ కింద మొదలైంది. గుడ, గుడ, గుడ, ఆగి, గుడుక్. నిజంగా పసివాడు పాలసీసా అడుగు పీలుస్తున్నట్టే ఉంది. ఈ శబ్దం నేను ఊళ్లో వినలేదా, వంద ఇళ్లలో విన్నాను, నా ఇంట్లో మాత్రం పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాణ్ని కాబట్టి సంపూర్ణ చెప్పగా విన్నాను, చెప్పగా విన్నది నమ్మలేదు. వంగి జాలీ తీశాను. జేబులో టార్చి ఎప్పుడూ ఉంటుంది. వేసి చూశాను. గిన్నె ఎండిపోయి ఉంది. అడుగున సబ్బు నురగ రెండు బుడగలు. తలుపు బార్లా తెరిచి ఉంది, చాంబరులోని కంపంతా ఇప్పుడు నా మొహం మీదికే వస్తూ ఉండాలి, నేను దాని మీదే వంగి ఉన్నాను, నాకు ఏమీ లేదు, ఉత్త గాలి.

అంటే సాయంత్రాలు నేను చూసింది ఆమె పోసిన చెంబెడు నీళ్లే, ఆమె చెప్పింది నిజం. మొదటి రోజునుంచీ నిజం. రోజు విడిచి రోజు ఈ గదిలో నిలబడి ఆ కంపు పీల్చి, కిందికి వచ్చి, నా మొహం చూసి, లేదన్న నా మాట విని, మళ్లీ పైకి పోయి, తనకే ఏదో అయిందనుకుని, వాళ్లమ్మను తలుచుకుని, చెంబెడు నీళ్లు పోసుకుంటూ బతికింది. జాలీ చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. మిషన్ మళ్లీ నీళ్లు పట్టుకుంటోంది, జాడించడానికి. ముప్పై మూడు. ఈ గంట అయ్యేలోపల చెప్పాలి. చెప్పకపోతే సోమవారం ఆమె ఎర్రబస్సు ఎక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా తల్లి మొహం చూసుకుంటూ పోతుంది. చెప్పాలంటే ముక్కు సంగతీ చెప్పాలి. గిన్నె ఎందుకు ఎండుతోందో అది కూడా చెప్పాలి, అదీ నాకు తెలియదు. ఒక్క రోగం కూడా పట్టుకోలేని వైద్యుడిలా ఉన్నాను.

అప్పుడు కింద టక్‌మంది. మేకు మీద పొత్రంతో కొట్టిన దెబ్బ. నూనె డబ్బాకు తూటు పొడుస్తోంది. ఒక్కటే దెబ్బ కొట్టి డబ్బా వంచింది కాబోలు, గుడ, గుడ, గుడుక్ అని నూనె ఆగి ఆగి పడింది. ఛీ అంది సంపూర్ణ, ఇక్కడికి వినపడింది. డబ్బా నిలబెట్టింది, ఇంకో మూల మేకు పెట్టింది, టక్. ఈసారి వంచితే చప్పుడే లేదు. నూనె దారంలా పడుతూ ఉండాలి. ముప్పై ఏళ్లుగా నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ నేను మొదటి రోజు చెప్పే పాఠం అది. అరేయ్, నూనె డబ్బాకు రెండు తూట్లు ఎందుకు పొడుస్తారు, ఒకటి నూనెకు, ఒకటి గాలికి. పైపుకూ అంతే, నీళ్లు పోతుంటే వెనకాల గాలి కావాలి. డాబా మీదికి గాలి పైపు లేపు. లేకపోతే గాలి కోసం నీళ్లు నానిని పీల్చి చంపుతాయి. అంతమందికి చెప్పాను. ఈ ఇంటికీ లేపాను, డాబా మీద నిలువెత్తు పైపు, నా చేతులతో లేపాను, అది ఉంది కదా, నిటారుగా ఉంది, దాని మీద క్రిస్మస్ చుక్క కూడా ఉంది.

చుక్క.

లేచాను. స్టూలు పడిపోయింది. ఆజ్ఞ మీరాను సంపూర్ణా, కొంచెం ఆగు. పోయిన ఏడాది క్రిస్మస్‌కు, ఆరాధనకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, అమ్మాయి బస్సు గోదావరి వంతెన మీదికి ఎక్కగానే మన ఇంటి చుక్క కనపడాలి అంది సంపూర్ణ. వెదురుబద్దలతో చుక్క కట్టాను, ఎర్ర కాగితం అంటించాను, లోపల బల్బు. ఎక్కడ నిలబెట్టాలి, అందరికంటే ఎత్తు కావాలి, ఇంట్లో అన్నిటికంటే ఎత్తు గాలి పైపే. చుక్క ఊచను పైపు నోట్లో దింపి, ఊగకుండా చుట్టూ గోనెపట్టా కుక్కి, మీద సిమెంటు మెత్తాను. ఇంకొకరి ఇంట్లో ఎవడైనా ఆ పని చేసి ఉంటే వాడి తాపీ లాక్కుని గోదావరిలో వేసేవాణ్ని. జనవరిలో తీసేద్దామనే అనుకున్నాను. రెండు బకెట్ల స్నానపు నీళ్లకు గాలి లేకపోయినా నడిచింది, ఏ చప్పుడూ రాలేదు, నేను మరిచిపోయాను.

సంచీలోంచి ఆక్సాబ్లేడు తీసుకుని ఇనుప మెట్లు ఎక్కాను. యాభై రెండేళ్ల మోకాళ్లు ప్రతి మెట్టుకూ ఒక మాట అంటున్నాయి. డాబా మీద ఎండ బాగుంది. పైపు చివర చుక్క, కాగితం ఒక్క పీలిక లేదు, వెదురుబద్దలు మాత్రం ఐదు మొనలతో నిలబడి ఉన్నాయి. దీన్ని పీకేస్తే రెండు నిమిషాల పని. కానీ ఆగస్టులో గోదావరి మా వీధిలోకి వచ్చినప్పుడు కింద గదులు మునిగిపోయి మేమిద్దరం ఈ డాబా మీదే కూర్చున్నాం, బియ్యం బస్తా, బైబిలు, ఆరాధన ఫోటో మధ్యలో పెట్టుకుని. చుట్టూ అన్ని డాబాలూ ఒక్కలాగే ఉన్నాయి, అన్నిటిమీదా మనుషులే. ఆరాధన ఖమ్మం నుంచి ఎవరెవరికో ఫోన్లు చేసి, మా అమ్మకు ఆయాసం, జల్దీ పోండ్రి, డాబా మీద చుక్క ఉన్న ఇల్లు అని చెప్పిందట. మధ్యాహ్నం పడవ వచ్చింది. పడవాయన తెడ్డు ఆపి, చుక్క ఇల్లు ఇదేనా అన్నాడు. అవ్, ఇదే, అంది సంపూర్ణ, ఆయాసంలోనే, ఎంత గర్వంగా అందో. అప్పటినుంచి తను బతికి ఉండగా ఆ చుక్క దించనివ్వనంది. దించను. సంపూర్ణా, నువ్వు అంత ఆశపడి నిలబెట్టించుకున్న చుక్కను నేనెందుకు దించుతాను.

సిమెంటు ఎంత లోతుకు దిగిందో వేలితో తట్టి చూసుకున్నాను. గట్టి చప్పుడు ఆగి డొల్ల చప్పుడు మొదలైన చోట, పైపు పక్కన, బ్లేడుతో కోయడం మొదలుపెట్టాను. తెల్ల పొడి చేతుల మీద రాలుతోంది. అడ్డంగా ఒక కోత, దాని కింద ఇంకో కోత, నిలువుగా రెండు, ఆ ముక్క ఊడి లోపలికి పడకుండా వేళ్లతో పట్టుకుని బయటికి లాగాను. అరచేయంత కిటికీ. రేపు దానికి మంచి వంపు ముక్క పెట్టి, పక్షులు దూరకుండా జాలీ కట్టి, పద్ధతిగా చేస్తాను, ఇప్పటికి ఇది చాలు, నూనె డబ్బాకు రెండో తూటు. చెవి ఆనించాను. లోపల సన్నగా హుమ్మని ఉంది. ఏడాదిగా ఊపిరి బిగబట్టిన పైపు.

కిందికి దిగేసరికి పదకొండు. చెంబెడు నీళ్లు నానిలో పోశాను, గిన్నె నిండింది, జాలీ పెట్టకుండా టార్చి వేసి దాని మీదే చూపు నిలిపాను. తొమ్మిది. టక్‌మంది, నీళ్లు దిగాయి, దబదబా, ఇందాకటిలాగే నిండుగా, పైపు గోడలు వణికాయి. ఎప్పుడూ నోరు తిరగని జపం ఒకటి మనసులో పూర్తిగా చెప్పుకున్నాను. నానిలో నీళ్లు కొంచెం కదిలాయి, అటో వేలి మందం, ఇటో వేలి మందం, నిద్రలో పొట్ట కదిలినట్టు. అంతే. గుడ లేదు, గుడుక్ లేదు. నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. చెవి చెప్పాల్సింది చెప్పింది, కన్ను చెప్పింది. మిగిలింది ఒకటి, అది నా దగ్గర లేదు.

గుడ్డలు పిండటం కూడా అయి మిషన్ సున్నా చూపించి మూడుసార్లు కూసింది. మెట్ల దగ్గరికి పోయి, "సంపూర్ణా, పైకొచ్చి వాసన చూడు" అన్నాను.

చేతులకు పిండితోనే వచ్చింది. గుమ్మంలో ఆగింది, లోపలికి రాలేదు. నన్నెందుకు చూడమంటున్నవ్, గంటసేపు కూసున్నది నువ్వు గదా, నువ్వే చెప్పు అంది. తీర్పు వినడానికి వచ్చిన మనిషిలా ఉంది, కొంగు బిగించుకుని ఉంది. నేను నేల చూస్తూ చెప్పాను.

"నాకు వాసన రాదు. మూడేండ్లాయె."

తలెత్తాను. పిండి చేతులు గాలిలోనే ఉన్నాయి. నానీ, పైపూ, చుక్క కింద నేను మెత్తిన సిమెంటూ, కోసిన కిటికీ, లాడ్జీ, ఆసిడ్ అన్నీ కలగాపులగంగా చెప్పేశాను, ఏది ముందో ఏది వెనకో నాకే తెలియలేదు, ఆమె మాత్రం ఒక్కటే పట్టుకుంది.

"అయితే వాసన ఉండెనా? నిజంగ ఉండెనా?"

"ఉండె. రోజు ఉండె. నీ తలకాయ మంచిగనే ఉన్నది."

పడిపోయిన స్టూలు లేపి దాని మీద కూర్చుంది. మోచేతితో కళ్లు తుడుచుకుంది, పిండి బుగ్గకు అంటింది. నాలుగు నెలలు నన్ను పిచ్చిదాన్ని జేసినవ్ గదయ్యా అంది, గొంతు పెంచకుండానే అంది, నేను అవ్ అన్నాను, ఇంకేమంటాను. అమ్మ యాదికొచ్చి ఎన్ని రాత్రులు పండలేదో అంది. దానికీ అవ్ అన్నాను. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. నా నెత్తిన ఒక్కటి మొట్టింది, గట్టిగానే, తర్వాత ఆ చెయ్యి తీయలేదు. కాసేపటికి లేచి, మోకాలు నొప్పితో ఒక చెయ్యి నా భుజం మీద ఆనించి, చర్చిలో వంగినట్టు నాని మీద వంగింది. చాలాసేపు చూసింది. నాకంటే బాగా చూసింది, ఒకసారి ఊపిరి వదిలి మళ్లీ పీల్చింది. లేదు, అంది. లేదు అంటే లేదు. నమ్మాను. నాకు వేరే సాక్షి లేడు, అక్కర్లేదు కూడా.

మిషన్ మూత తీసి బలిపీఠం గుడ్డ అందుకోబోయి, చేతుల పిండి చూసుకుని ఆగింది. అట్లా ఆగినప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరిగింది.

"మరి నా చేపల పులుసు వాసన వీధి చివరిదాక వస్తున్నదంటివి? మూడేండ్ల సంది?"

ఇది అడుగుతుందని నేను అనుకోలేదు.

"రాదు," అన్నాను. "యాదికున్నది చెప్పిన."

చెంబు నీళ్లతో చేతులు కడుక్కుంది, ఆ నీళ్లు నానిలోకే, చప్పుడు లేకుండా పోయాయి. సోమవారం ఎట్లాగూ పోదాం, చీటీ మీద నీ పేరు రాపించమని ఆరాధనకు చెప్త, ముక్కు డాక్టరు దగ్గరికి మార్పించమంట అంది. సరే అన్నాను. గుడ్డ తీసి రెండు చేతుల మీద పరుచుకుని డాబా మీదికి నడిచింది, వెనకాలే నేనూ. తీగ మీద ఆరేసి, ద్రాక్షగుత్తుల అంచు సరిచేసి, పైన పైపుకు కోసిన కిటికీనీ, దాని మీద చుక్కనూ ఒకసారి చూసింది. తర్వాత తడిగుడ్డలో మొహం పెట్టి పీల్చి, నాకు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. "సబ్బు వాసన. కొంచెం చెక్క వాసన, ఫాదర్ బీరువలది. ఇగ ఎండ పడ్తున్నది గదా, ఎండ వాసన గూడ వస్తది సూడు."

ఎండ వాసన ఎట్లా ఉంటుందో నాకు గుర్తొచ్చింది.